విండోస్ ఇంట్లో బాడుగకు దిగిన లినక్స్

విండోస్ ఉన్న కంప్యూటర్లో పక్కన లినక్స్ (విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) కూడా పెట్టుకుందామనుకునేవాళ్లు ఎక్కువగా ఒకే స్క్రీన్ దగ్గర ఆగిపోతారు. హార్డ్‌డిస్క్ మొత్తాన్ని ఒక పొడుగాటి పట్టీలా చూపిస్తారు. మధ్యలో గీత ఉంటుంది. ఆ గీతను మౌస్‌తో పట్టుకుని అటూ ఇటూ జరపాలి. ఎడమ పక్క విండోస్, కుడి పక్క లినక్స్, కింద ఇన్‌స్టాల్ బటన్. నొక్కాక వెనక్కి రావడం ఉండదు. కడప ఏడు రోడ్ల చుట్టుపక్కల సందుల్లో నడిచే ఒక డీటీపీ సెంటర్‌ను ఊహించుకుంటే, ఆ పట్టీలో ఉన్నది ఉత్త జీబీలు కాదు. పదేళ్ల శుభలేఖల డిజైన్లు, స్కూళ్ల పరీక్ష పేపర్లు, పెద్ద దర్గా ఉరుసు పోస్టర్లు అన్నీ అందులోనే ఉంటాయి. పొలం గట్టు జరపడం ఎంత తేలికో ఈ గీత జరపడమూ అంతే తేలికని రాయలసీమలో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఆ గీత ఊసే లేకుండా లినక్స్ ఇన్‌స్టాల్ చేసే దారి ఒకటి ఒకప్పుడు ఉండేది. పేరు వుబి. విండోస్‌లో మామూలు సాఫ్ట్‌వేర్ వేసుకున్నట్టే డబుల్ క్లిక్ చేస్తే లినక్స్ వచ్చేది, నచ్చకపోతే కంట్రోల్ ప్యానెల్‌లోంచి తీసేసేవాళ్లు. అయిదేళ్లు అధికారికంగా నడిచి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చూస్తే, ఇప్పుడు విండోస్ పక్కన లినక్స్ పెట్టాలనుకునేవాళ్లకు ఎదురయ్యే చిక్కులన్నీ దాదాపు అక్కడే కనిపిస్తాయి. వుబి భయాన్ని పోగొట్టింది. ప్రమాదాన్ని మాత్రం పోగొట్టలేదు, వాయిదా వేసింది.

అసలు రెండూ ఎందుకు?

లినక్స్ అభిమానులు ఈ ప్రశ్నను తేలిగ్గా దాటేస్తారు. విండోస్‌ను పూర్తిగా తీసేస్తే సరిపోతుంది కదా అంటారు. కడప, అనంతపురం, కర్నూలు లాంటి ఊళ్లలో అది అంత తేలికగా కుదరదు. తెలుగు డీటీపీ పని ఇప్పటికీ చాలావరకు పేజ్‌మేకర్ మీద, అను ఫాంట్ల మీద నడుస్తోంది. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ విడిగా ఒక నంబరు ఇచ్చే) పద్ధతివి కావు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టు, గుడి, ఒత్తు లాంటివాటిని కూర్చి పెట్టిన ఫాంట్లవి. అందులో కొట్టిన పేరాను కాపీ చేసి మరోచోట పేస్ట్ చేస్తే తెలుగు మాయమై అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఆ ఫాంట్లూ, వాటి కీబోర్డు మేనేజరూ విండోస్ కోసమే చేసినవి. కడపలో ఉర్దూ ప్రింటింగ్ పని కూడా ఉంటుంది. దానికి వాడే ఇన్‌పేజ్ కూడా విండోస్ సాఫ్ట్‌వేరే. జీఎస్టీ లెక్కలకు ట్యాలీ, వేలిముద్ర మిషన్ల డ్రైవర్లు, ఏ కంపెనీదో పాత స్కానర్... ఇలా విండోస్‌ను వదలలేని పనుల జాబితా పెద్దదే.

మరోపక్క, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత ప్రాసెసర్ అని, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదని విండోస్ 11 చాలా మిషన్లను లోపలికి రానివ్వదు. మిషన్ చూస్తే బానే పనిచేస్తుంటుంది. ఇంటర్నెట్, బ్యాంకు పనులు, ఈమెయిల్ లినక్స్‌లో చేసుకుని, అను ఫాంట్ల కోసం మాత్రం విండోస్‌లోకి వెళ్లడం అనే ఏర్పాటు ఇలాంటి చోట సౌఖ్యం కోసం కాదు, అవసరం కొద్దీ పుట్టింది. ఇంజినీరింగ్ చదివే పిల్లల సంగతి వేరే. యోగి వేమన యూనివర్సిటీలో గానీ, జేఎన్‌టీయూ అనంతపురం కింది కాలేజీల్లో గానీ ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ వచ్చేసరికి లినక్స్ కావాలి. ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్. అందులో తమ్ముడి గేములు కూడా ఉంటాయి.

ఆరు ప్రశ్నల ఇన్‌స్టాలర్

విండోస్ డ్రైవ్‌లోనే ఒక ఫైల్‌గా లినక్స్‌ను పెట్టాలన్న ఆలోచన వుబి కంటే పాతది. 1990ల చివర్లోనే మాండ్రేక్ లినక్స్ అలాంటి ప్రయత్నం చేసింది. దాన్ని మామూలు జనం వాడేంత సులువు చేసింది మాత్రం వుబి. అగొస్టినో రుస్సో ముఖ్య డెవలపర్‌గా బయటివాళ్లు మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు 2008 ఏప్రిల్‌లో, లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 8.04తో కలిసి అధికారికంగా వచ్చింది.

అప్పట్లో ఉబుంటు సీడీని దాన్ని తయారుచేసే కంపెనీ వాళ్లే ఉచితంగా పోస్టులో పంపేవాళ్లు. షిప్‌ఇట్ అనే ఆ ఏర్పాటు 2005 నుంచి 2011 దాకా నడిచింది. ఇప్పటివాళ్లకు ఇది వింతగా అనిపిస్తుంది గానీ, లెక్క చూస్తే దాని విలువ తెలుస్తుంది. ఆ రోజుల్లో మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే చాలన్నది ప్రభుత్వ నిర్వచనం. ఆ వేగంతో 700 ఎంబీల సీడీ ఇమేజ్ దిగడానికి ఎక్కడా తెగకుండా ఆరు గంటలకు పైనే పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. కాబట్టి పోస్టులో వచ్చిన సీడీ నలుగురి చేతులు మారేది.

సీడీ పెడితే వుబి కిటికీ ఒకటి తెరుచుకునేది. అందులో ఆరే ప్రశ్నలు: ఏ డ్రైవ్‌లో పెట్టాలి, ఎంత జాగా ఇవ్వాలి, ఏ డెస్క్‌టాప్, ఏ భాష, యూజర్‌నేమ్ ఏంటి, పాస్‌వర్డ్ ఏంటి. పార్టిషన్, అంటే డిస్క్‌ను ముక్కలు చేయడం, అన్న మాట ఎక్కడా లేదు. ఇన్‌స్టాల్ నొక్కి, ఫైళ్లు కాపీ అయ్యాక రీస్టార్ట్ చేస్తే, నల్లటి తెర మీద విండోస్ కింద ఉబుంటు అని ఇంకో లైను కనిపించేది.

లోపల జరిగింది ఇది. సీ డ్రైవ్‌లో ఉబుంటు అనే ఫోల్డర్, అందులో డిస్క్స్ అనే ఇంకో ఫోల్డర్, దాంట్లో రూట్.డిస్క్ అనే ఒకే ఒక పెద్ద ఫైల్ తయారయ్యేది. గరిష్ఠంగా 30 జీబీ ఇవ్వనిచ్చేది. విండోస్ కళ్లకు అది సినిమా ఫైల్ లాంటిదే, లోపల ఏముందో దానికి పట్టదు. లినక్స్‌కు మాత్రం అదే మొత్తం హార్డ్‌డిస్క్. బూట్ అయ్యేటప్పుడు ముందు విండోస్ మెనూ వచ్చేది. అక్కడ ఉబుంటును ఎంచుకుంటే వుబి పెట్టిన బూట్‌లోడర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రాం, లేచి, విండోస్ డ్రైవ్‌లో రూట్.డిస్క్ ఎక్కడుందో వెతికి పట్టుకుని, దాన్నే డిస్క్‌గా భావించమని లినక్స్‌కు చెప్పేది.

అంటే లినక్స్‌కు సొంత జాగా లేదు. విండోస్ ఇంట్లో ఒక గది బాడుగకు తీసుకుని, విండోస్ గుమ్మంలోంచే వస్తూ పోతూ ఉండేది. వుబిలో నడిచే ఉబుంటు నుంచి చూస్తే విండోస్ డ్రైవ్ మొత్తం 'హోస్ట్' అనే ఫోల్డర్‌గా కనపడేది. ఇంటి యజమాని అన్నమాట. పేరు పెట్టినవాళ్లకు పరిస్థితి బాగానే తెలుసు.

కరెంటు పోయినప్పుడు

బాడుగ ఇంటి కష్టం మామూలు రోజుల్లో తెలియదు. వేగం కాస్త తగ్గేది. ప్రతి ఫైల్ చదవడానికీ రాయడానికీ ముందు లినక్స్ ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను డిస్క్ మీద సర్దే పద్ధతి), దాని కింద విండోస్ వాళ్ల ఎన్‌టీఎఫ్‌ఎస్, రెండూ దాటాలి మరి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో రాయడానికి లినక్స్ అప్పట్లో వాడింది ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అనే డ్రైవర్. 2007లోనే అది స్థిరమైన స్థాయికి వచ్చింది. అది రాకపోతే వుబి లేనే లేదు. హైబర్నేట్ పనిచేసేది కాదు. ఇవన్నీ సర్దుకోదగ్గవే.

సర్దుకోలేనిది వేరే ఉంది. లినక్స్ ఫైల్ సిస్టమ్‌లో జర్నల్ అనే ఏర్పాటు ఉంటుంది. ఏ మార్పు చేయబోతోందో ముందు ఒక చిట్టాలో రాసుకుని, తర్వాత అసలు మార్పు చేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, తిరిగి వచ్చాక చిట్టా చూసుకుని సర్దుకుంటుంది. కిరాణా కొట్టులో సరుకు ఇచ్చే ముందే ఖాతాలో రాసుకునే పద్ధతి లాంటిది. అయితే ఆ చిట్టా ముందు, సరుకు తర్వాత అన్న వరుస డిస్క్ మీద తప్పకుండా అలాగే పడాలి. వుబిలో లినక్స్ రాసేది డిస్క్ మీద కాదు, ఒక ఫైల్‌లో. ఆ ఫైల్‌ను డిస్క్ మీద పెట్టేది మధ్యలో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవర్. అది తన వీలును బట్టి కొన్ని ముందు, కొన్ని వెనక రాస్తుంది. పైన ఎంత పకడ్బందీగా చిట్టా రాసినా, కింద వరుస తప్పితే చిట్టాకు విలువ లేదు.

ఇప్పుడు ఏప్రిల్, మే నెలల్లో కడప మధ్యాహ్నాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. 'కీ' మని ఒక్క అరుపు అరుస్తుంది, అంతే, మానిటర్ నల్లబడుతుంది. కరెంటు వచ్చాక మిషన్ ఆన్ చేసి విండోస్‌లోకి వెళ్తే, డ్రైవ్ శుభ్రంగా మూసుకోలేదని, డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ తనంతట తానే మొదలవుతుంది. అక్కడ దానికి లెక్క కుదరని ఫైల్ ఒకటి, కొన్ని జీబీల పొడవుది కనిపిస్తుంది. దాన్ని తీసుకెళ్లి ఫౌండ్.000 అనే ఫోల్డర్లో పడేస్తుంది. సాధారణంగా కంటికి కనపడని ఫోల్డర్ అది. విండోస్ హాయిగా తెరుచుకుంటుంది. తర్వాత ఎప్పుడో ఉబుంటు ఎంచుకుంటే రూట్.డిస్క్ దొరకలేదన్న మెసేజ్ వస్తుంది.

ఫైల్ ఎక్కడికీ పోలేదు. పక్క గదిలోనే ఉంది. దాచిన ఫోల్డర్లు చూపించమని విండోస్‌కు చెప్పి, ఫౌండ్.000లోంచి ఆ పెద్ద ఫైల్‌ను తీసి, పేరు సరిచేసి పాత చోట పెడితే చాలాసార్లు లినక్స్ తిరిగి లేచేది. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. తెలియనివాళ్లకు మిగిలిన దారి తీసేసి మళ్లీ వేసుకోవడమే, అందులో ల్యాబ్ రికార్డు కోసం రాసుకున్న ప్రోగ్రాములు పోయినా సరే. ఒక ఇన్‌స్టాలర్‌గా వుబిని మెచ్చుకోవాల్సిందే గానీ, కరెంటు నమ్మకం లేని ఊళ్లో రోజువారీ పనికి దాన్ని నమ్ముకోవడం తెలివైన పని కాదు. దాన్ని చేసినవాళ్లు కూడా హఠాత్తుగా ఆగిపోతే దెబ్బతినే అవకాశం ఎక్కువని దాచకుండానే చెప్పారు.

విండోస్ పాడై ఫార్మాట్ కొట్టినప్పుడు జరిగేది ఇంకా సూటిగా ఉంటుంది. ఇల్లు కూల్చితే బాడుగ గది మిగలదు.

యజమాని గుమ్మం మార్చాడు

2012 అక్టోబర్‌లో విండోస్ 8 వచ్చింది. దాంతోపాటు కొత్త ల్యాప్‌టాప్‌లలో, మిషన్ ఆన్ చేయగానే ముందు లేచే బయోస్ అనే పాత ప్రోగ్రాం స్థానంలో యూఈఎఫ్ఐ అనే కొత్తది వచ్చింది. పాత పద్ధతిలో విండోస్ బూట్ మెనూ పక్కనున్న వేరే బూట్‌లోడర్‌ను కూడా లేపేది. వుబి లోపలికి దూరింది ఆ సందులోంచే. యూఈఎఫ్ఐలో నడిచే విండోస్ బూట్ మేనేజర్ పాత తరహా బూట్ సెక్టార్లను లేపదు. సందు మూసుకుపోయింది.

ఇంకో దెబ్బ ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి షట్ డౌన్ నొక్కితే మిషన్ నిజంగా పూర్తిగా ఆగదు. విండోస్ తన లోపలి భాగాన్ని డిస్క్ మీద అలాగే దాచుకుని నిద్రపోతుంది, పొద్దున తొందరగా లేవడానికి. అలా నిద్రలో ఉన్న డ్రైవ్‌లో బయటివాళ్లు ఏమైనా రాస్తే ఫైళ్లు పాడవుతాయి. అందుకే లినక్స్ ఆ స్థితిలో ఉన్న డ్రైవ్‌ను చదవడానికే తెరుస్తుంది, రాయదు. రూట్.డిస్క్ ఉన్నదే ఆ డ్రైవ్‌లో. రాయడం కుదరకపోతే అక్కడ లినక్స్ నడవదు. ఈ చిక్కులకు తోడు, కూర్చుని సరిచేసే డెవలపర్లు కూడా కరువయ్యారు. 2013 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 13.04 నుంచి వుబిని అధికారికంగా పక్కన పెట్టేశారు.

యూఈఎఫ్ఐలో పనిచేసేలా వుబిని సవరించి నడుపుతున్న ఔత్సాహికులు తర్వాత కూడా ఉన్నారు. ఎండ్‌లెస్ ఓఎస్ అనే లినక్స్ కూడా విండోస్‌లోంచి ఒక ఫైల్‌గా ఇన్‌స్టాల్ అయ్యే ఏర్పాటు చేసింది. సరదాకు చూడొచ్చు. నాలుగు డబ్బులు సంపాదించి పెట్టే మిషన్ మీద ఇలాంటివి వద్దు.

వుబి ఆలోచన అసలైన వారసత్వం మాత్రం ఎవరూ ఊహించని చోట తేలింది. 2016లో మైక్రోసాఫ్టే విండోస్ 10లో లినక్స్ కోసం ఒక సబ్‌సిస్టమ్ పెట్టింది, దాన్నే డబ్ల్యూఎస్‌ఎల్ అంటారు. 2019లో వచ్చిన రెండో రూపంలో నిజమైన లినక్స్ కెర్నెల్, అంటే దాని గుండెకాయ లాంటి భాగం, నడుస్తుంది. దాని లినక్స్ ఫైల్ సిస్టమ్ మొత్తం ఎక్కడుందయ్యా అంటే, విండోస్ డ్రైవ్‌లో ఒక పెద్ద ఫైల్‌లో. రూట్.డిస్క్ పేరు మార్చుకుని వచ్చినట్టే ఉంది. తేడా ఏమిటంటే, ఇప్పుడు యజమానే పిలిచి గది ఇచ్చాడు. విండోస్ మేలుకుని ఉండగానే, దాని సాయంతోనే ఇది నడుస్తుంది. బూట్ గొడవ లేదు, ఫాస్ట్ స్టార్టప్ తంటా లేదు, రీస్టార్ట్ చేసే పని కూడా లేదు.

ల్యాబ్ పరీక్ష కోసం లినక్స్ కావాల్సిన విద్యార్థికి ఇది చాలు. ఫోర్క్ రాయొచ్చు, షెల్ స్క్రిప్టులు నడపొచ్చు, సీ ప్రోగ్రాం కంపైల్ చేయొచ్చు. ఆ మాత్రం దానికి డిస్క్‌ను రెండు ముక్కలు చేయడం అనవసరం. కానీ నాలుగు జీబీ ర్యామ్‌తో ఈడ్చుకుంటూ నడిచే పాత మిషన్‌కు ఇది మందు కాదు. విండోస్ బరువు ఎలాగూ మోస్తోంది, దాని మీద ఇంకో బరువు పెట్టినట్టే. విండోస్ 10 అప్‌డేట్లు ఆగిపోయాయని లినక్స్ వైపు చూసేవాళ్లకూ పనికిరాదు, కిందున్నది ఆ విండోసే గనక.

గట్టు వేయక తప్పదు

లినక్స్ డెస్క్‌టాప్‌ను నిజంగా రోజూ వాడాలంటే దానికి సొంత జాగా ఇవ్వాలి. ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. ఇన్‌స్టాలర్ విండోస్‌లోంచి నడవకపోయినా, ఇన్‌స్టాలేషన్ పనిలో సగం ఇప్పటికీ విండోస్‌లోనే జరుగుతుంది. బెడిసికొట్టే చోట్లు కూడా ఎక్కువగా ఆ సగంలోనే ఉంటాయి. పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని, దాంతో బూట్ చేసి, భాష ఎంచుకోవడం లాంటివి ఎవరైనా చేసేస్తారు.

జాగా విడదీసే పని విండోస్‌కే అప్పజెప్పడం మేలు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేస్తే ష్రింక్ వాల్యూమ్ అని ఉంటుంది. తన ఫైళ్లు ఎక్కడున్నాయో తనకు తెలుసు కాబట్టి తన గట్టు తానే జరుపుకుంటుంది. ఒక్కోసారి 200 జీబీ ఖాళీ కనపడుతున్నా ఇంత కొంచెమే ఇవ్వగలనని మొండికేస్తుంది. డ్రైవ్ చివర ఎక్కడో కదలని ఫైలు ఒకటి కూర్చుని ఉంటుంది, పొలం మధ్యలో బండరాయిలాగా. అది చాలాసార్లు హైబర్నేషన్ ఫైలో, పేజ్ ఫైలో, రీస్టోర్ పాయింట్లో అయి ఉంటుంది. వాటిని తాత్కాలికంగా ఆపేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ అడిగితే ఒప్పుకుంటుంది.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది బిట్‌లాకర్, అంటే డ్రైవ్ మొత్తానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, కొత్తగా సెటప్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన మిషన్లలో, హోమ్ ఎడిషన్ అయినా సరే, డ్రైవ్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. వాడేవాళ్లకు ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. బూట్ సెట్టింగులు మారాయని అనుమానం వస్తే విండోస్ తెరుచుకోకుండా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఏ అకౌంట్? ల్యాప్‌టాప్ కొన్న రోజు షాపులో కుర్రాడు తొందరలో తన చేత్తో క్రియేట్ చేసి, పాస్‌వర్డ్ ఒక బిల్లు వెనక రాసిచ్చాడే, ఆ అకౌంట్. ఆ బిల్లు ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. కాబట్టి లినక్స్ పెన్‌డ్రైవ్ ముట్టుకునేకంటే ముందు చేయాల్సిన పని ఆ అకౌంట్‌లోకి లాగిన్ అయి కీని కాగితం మీద రాసుకోవడం. ఆ తర్వాతే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆపడం, ఫాస్ట్ స్టార్టప్ ఆపడం, జాగా విడదీయడం. వరుస మారితే బాధలు.

కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా 11వ తరం ప్రాసెసర్ల నుంచి, లినక్స్ ఇన్‌స్టాలర్‌కు డిస్క్ అసలు కనపడకపోవచ్చు. బయోస్‌లో (యూఈఎఫ్ఐ సెట్టింగులనూ వాడుకలో అలాగే అంటారు) స్టోరేజ్ వీఎండీ అనే పద్ధతిలో ఉండటం దానికి కారణం. వెంటనే బయోస్‌లో మార్చేస్తే లినక్స్‌కు డిస్క్ కనపడుతుంది, విండోస్ మాత్రం నీలం తెర చూపిస్తుంది. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా సెట్ చేసి, బయోస్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరిచి, తర్వాత మామూలు స్థితికి తేవాలి.

సంతకం ఉన్న బూట్‌లోడర్లనే లేవనిచ్చే సెక్యూర్ బూట్‌ను ఆపాలా అని చాలామంది అడుగుతారు. ఉబుంటు, ఫెడోరా లాంటివాటికి మామూలుగా అక్కర్లేదు. వాటి మొదటి బూట్ ముక్క, షిమ్ అంటారు, దానికి మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది. సొంత ఇల్లు కట్టుకున్నా గేటు తాళం పాత యజమాని దగ్గరే ఉందన్నమాట. దాని అర్థం ఏమిటో 2024 ఆగస్టులో తెలిసొచ్చింది. ఆ నెల 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ ఒకటి పాత బూట్‌లోడర్లను సెక్యూర్ బూట్ ఒప్పుకోకుండా చేసింది. లినక్స్ కూడా ఉన్న మిషన్లను వదిలేస్తామని చెప్పినా, కొన్నిటిని అది గుర్తుపట్టలేకపోయింది. విండోస్ బాగానే ఉంది, లినక్స్ ఎంచుకుంటే మాత్రం సెక్యూరిటీ పాలసీ ఉల్లంఘన అంటూ మెసేజ్ ఇచ్చి మిషన్ ఆగిపోయేది. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి లినక్స్‌లోకి వెళ్లి, బూట్‌లోడర్‌ను అప్‌డేట్ చేసుకోవాల్సి వచ్చింది. గట్టు వేసుకున్నంత మాత్రాన పక్క పొలంతో సంబంధం తెగదు.

గడియారం ముచ్చట చిన్నదే అయినా మన దగ్గర తప్పకుండా ఎదురవుతుంది. మదర్‌బోర్డులోని గడియారంలో మన టైమే ఉందని విండోస్ అనుకుంటుంది. లినక్స్ అక్కడ గ్రీనిచ్ టైమును పెట్టి, దానికి అయిదున్నర గంటలు కలిపి చూపిస్తుంది. లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే, మధ్యాహ్నం మూడున్నర వేళ కంప్యూటర్ పొద్దున పది అంటుంది. టైము తప్పుగా ఉంటే సైట్లు కొన్ని సర్టిఫికెట్ సరిగా లేదని తెరుచుకోవు, బిల్లుల మీద వేళ తప్పుగా పడుతుంది. వైరస్ అని కంగారు పడాల్సిన పని లేదు. విండోస్‌లాగే స్థానిక టైమును వాడమని లినక్స్‌కు ఒక్క కమాండ్‌తో చెబితే ఇద్దరూ ఒకే గడియారం చూస్తారు.

ఇంతా చేశాక తెలుగు టైపింగ్ ఎలా అన్న సందేహానికి జవాబు మాత్రం ఊరటనిస్తుంది. లినక్స్ డెస్క్‌టాప్‌లో ఐబస్, ఎం17ఎన్ అనే ప్యాకేజీలు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌తోపాటు ఆపిల్ లేఅవుట్ కూడా దొరుకుతుంది. డీటీపీలో ఏళ్ల తరబడి ఆపిల్ పద్ధతిలో వేళ్లు తిరిగినవాళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. వచ్చేది యూనికోడ్ తెలుగు కాబట్టి వాట్సాప్‌లోకీ, మెయిల్‌లోకీ నేరుగా వెళ్తుంది. అను ఫాంట్లలో ఉన్న పాత శుభలేఖ కోసం విండోస్‌లోకి వెళ్లక తప్పదు గానీ, కొత్తగా రాసే ఉత్తరం కోసం వెళ్లనక్కర్లేదు.

డెస్క్‌టాప్ మిషన్ అయితే ఈ గట్టు పంచాయితీ అంతా తప్పించుకునే మార్గం ఒకటుంది, దానికి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి చాలు. పాత హార్డ్‌డిస్క్‌లో విండోస్, దాని శుభలేఖలు, ట్యాలీ డేటా అన్నీ ఎక్కడివి అక్కడే ఉంటాయి. కొత్త ఎస్‌ఎస్‌డీ మొత్తం లినక్స్‌కే. మిషన్ ఆన్ చేస్తూనే ఎఫ్12 గానీ, ఆ బోర్డుకు ఏ కీ అయితే ఆ కీ గానీ నొక్కితే ఏ డిస్క్ నుంచి లేవాలో అడుగుతుంది. డబ్ల్యూఎస్‌ఎల్ సరిపోని మిషన్లకు, ల్యాప్‌టాప్ కాని చోట, ఇంతకంటే మేలైన ఏర్పాటు లేదు. ఒకటే మెలకువ. ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందు పవర్ తీసేసి, క్యాబినెట్ పక్క తలుపు విప్పి, విండోస్ ఉన్న హార్డ్‌డిస్క్ కేబుల్ పీకేయాలి. లేకపోతే ఇన్‌స్టాలర్ లినక్స్‌ను ఎస్‌ఎస్‌డీలోనే పెట్టినా, దాని బూట్‌లోడర్‌ను విండోస్ డిస్క్‌లో ముందే ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లో (బూట్‌లోడర్లు ఉండే చిన్న భాగం) రాసేయొచ్చు. రేపు ఆ పాత హార్డ్‌డిస్క్ చనిపోతే లినక్స్ కూడా లేవదు. ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితోనే లినక్స్ రెండుసార్లు సరిగ్గా బూట్ అయిందని చూసుకున్నాకే, మళ్లీ పవర్ తీసి ఆ కేబుల్ తిరిగి పెట్టాలి.